మొక్క బతకడం ఎవరి ఫలం?

నా దగ్గర ఒక సర్టిఫికెట్ ఉంది. ఎన్ఎస్ఎస్ ప్రత్యేక శిబిరం, ఏడు రోజులు, పర్యావరణ పరిరక్షణ అని రాసి ఉంటుంది. 2017 జనవరిలో, ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నప్పుడు వచ్చింది. మొదటి ఉద్యోగం కోసం తయారుచేసుకున్న రెజ్యూమెలో ఒక లైను దానిదే. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగారు కూడా. "నాలుగు వందల మొక్కలు నాటాం సార్" అన్నాను. ఆయన బాగుందన్నట్టు తల ఊపాడు. ఎన్ని బతికాయని అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు.

పోయినవారం వీడియోలో గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం గురించి మాట్లాడుకున్నాం కదా. పని చేయడం వరకే నీ అధికారం, ఫలం మీద కాదు అనేది. మనలో చాలామందికి గీతలో తెలిసిన ఒకే ఒక్క శ్లోకం అదే. పరీక్షల ముందు వాట్సాప్‌లో వచ్చేదీ అదే, ప్రమోషన్ రానప్పుడు ఓదార్పుకి పనికొచ్చేదీ అదే. దాన్ని నేను చాలా ఏళ్లు తప్పుగా వాడుకున్నాను. తప్పుగా అర్థం చేసుకున్నానని కాదు, నాకు కావలసినట్టు వాడుకున్నాను. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నా.

శిబిరానికి వెళ్లని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఎన్ఎస్ఎస్ 1969 సెప్టెంబర్ 24న, గాంధీగారి శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. దాంతోపాటు దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల శిబిరం. చొక్కాకి పెట్టుకునే బ్యాడ్జి చూశారా ఎప్పుడైనా? దాని మీద ఉండేది కోణార్క సూర్య దేవాలయ రథచక్రం. ఎనిమిది ఆకులు, రోజుకి ఎనిమిది జాములు. అంటే 24 గంటలూ సేవకి సిద్ధంగా ఉండాలని. సూర్యుడి రథానికి సెలవు లేదు. మాకు మాత్రం ఎనిమిదో రోజు పొద్దున్నే బస్సు ఉండేది.

మా శిబిరం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ఊళ్లో. ప్రభుత్వ బళ్లో పడక. తెల్లవారుజామున ప్రార్థన, సూర్య నమస్కారాలు, ఆ తర్వాత వేడి వేడి ఉప్మా. నేను జీవితంలో మొదటిసారి గడ్డపార పట్టుకున్నది అక్కడే. అరచేతుల్లో బొబ్బలు వచ్చాయి. ఇంటికెళ్లాక అవి చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, నేను మాత్రం రెండు వారాలు అందరికీ చూపించుకుని తిరిగాను. నిజంగా బాగుంది ఆ వారం. వెటకారంగా అనట్లేదు. రాత్రి బడి ఆవరణలో పడుకుని చూస్తే అన్ని నక్షత్రాలు ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు.

మూడో రోజు మొక్కలు నాటాం. వేప, కానుగ, కొన్ని గుల్‌మొహర్. ఊరి బయట బంచరాయి అంటారు, పశువులు మేసే ఉమ్మడి భూమి, అక్కడ. మాకు బంచరాయి అనే మాటే తెలియదు. "అదిగో ఆ ఖాళీ స్థలం" అన్నారెవరో, మేమూ అలాగే అన్నాం. సిటీలో పెరిగినవాడికి ఇల్లు లేని చోటు, గోడ లేని చోటు ఖాళీయే. గుంతలు తవ్వాం, నాటాం, ఒక్కో మొక్క దగ్గర నలుగురం నిలబడి ఫొటో దిగాం. జనవరిలో ఎందుకు నాటుతున్నామని ఎవరమూ అడగలేదు. సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి జనవరి. మొక్కకి సెమిస్టర్లు ఉండవు, దానికి ఉండేది తొలకరి ఒక్కటే.

ఆరో రోజు ఊరి పెద్దమనుషులు ఇద్దరు వచ్చి, చెరువులోకి వాన నీళ్లు తెచ్చే కాలువ సర్కారు తుమ్మతో పూడుకుపోయిందని, కొంచెం సాయం పడతారా అని అడిగారు. పన్నెండు మందిమి వెళ్లాం. ముళ్లు, చెమట, ఫొటోకి పనికిరాని పని. సగం వరకు తీశాం. ఇంతలో ముగింపు సభకి స్టేజి కట్టాలని పిలుపొచ్చింది, వచ్చేశాం. మా నివేదికలో కాలువ గురించి ఒక్క వాక్యం ఉంది, మొక్కల గురించి నాలుగు పేజీలు.

తర్వాత ఆరేళ్లకు పైగా ఆ ఊరు నాకు గుర్తు రాలేదు. 2023 నవంబర్‌లో దగ్గరి పట్నంలో ఫ్రెండ్ పెళ్లి. ముహూర్తానికి ఇంకా టైముందని బైకు తీసుకుని వెళ్లాను. మనసులో ఒక చిన్న అడవి ఊహించుకున్నా. నాలుగు వందల్లో సగం పోయినా రెండు వందలు.

మూడు ఉన్నాయి. మూడూ కానుగలే. కానుగ ఆకుని గొర్రెలు అంతగా ముట్టవు, అందుకే అవి మిగిలాయి. అందులో ఒకదాని కింద గొర్రెలు కాసే తాత కూర్చుని ఉన్నాడు, మంద చుట్టూ మేస్తోంది. ఈ చెట్లు పెట్టింది మేమే తాతా అన్నాను, కొంచెం గొప్పగానే.

"గా కాలేజీ పోరగాండ్లల్ల నువ్వొకనివా" అన్నాడు. గుర్తుంది ఆయనకి.

ఆయన చెప్పింది ఇది. మేం వెళ్లిపోయాక, మొక్కల్ని గొర్రెలు తినకుండా పంచాయతీ వాళ్లు చుట్టూ ముళ్లకంచె వేశారు. ట్యాంకర్ రెండు సార్లు వచ్చింది, ఆ తర్వాత రాలేదు. ఉగాదికల్లా మొక్కలు ఎండిపోయాయి. కంచె మాత్రం ఇంకో ఏడాది ఉంది. లోపల ఎండుపుల్లలు, బయట కాపలా. మంద మేసే చోటు పోయింది కాబట్టి రోజూ రోడ్డు దాటించి అవతలి గుట్ట వైపు తోలుకెళ్లాల్సి వచ్చింది. ఆ దాటడంలో ఒకరోజు లారీ కింద రెండు గొర్రెలు, ఒక పిల్ల పోయాయి.

కోపంగా చెప్పలేదు. వానలు ఆలస్యమయ్యాయి అని చెప్పినట్టు చెప్పాడు. నా మొహం చూసి ఆయనే అన్నాడు, "మీ తప్పేమున్నది బిడ్డా. మీరు మంచికే పెట్టిండ్రు."

పర్సు తీసి ఐదు వందల నోటు ఇచ్చాను. వద్దంటాడనుకున్నా. తీసుకుని మడిచి పంచెలో దోపుకున్నాడు. నాకు చాలా తేలిగ్గా అనిపించింది. పెళ్లికి వెళ్లి కడుపునిండా తిన్నాను కూడా. రాత్రి హైదరాబాద్ వచ్చాక గానీ ఆ తేలికదనం మీద అనుమానం రాలేదు. ఒక గొర్రె వెలలో ఐదు వందలు ఎంత? అసలు అది ఆయన నష్టానికి ఇచ్చానా, నా నిద్రకి ఇచ్చానా?

ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నది ఆ 47వ శ్లోకమే. నేను చేయాల్సింది చేశాను, ఫలం నా చేతుల్లో లేదు. ఎప్పుడూ పనిచేసే మంత్రం ఆ రాత్రి పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో తెలుసుకోవడానికి గీత మొత్తం చదవడం మొదలుపెట్టాను. సిగ్గుపడాల్సిన మాటే, 26 ఏళ్లు వచ్చాక మొదటిసారి. పద్దెనిమిదో అధ్యాయం 25వ శ్లోకం దగ్గర ఆగిపోయాను.

అక్కడ కృష్ణుడు తామస కర్మ అంటే ఏంటో చెబుతాడు. తామసం అంటే బద్ధకం, నిద్ర అనుకుంటాం కదా. కాదు, చాలా హుషారుగా గడ్డపార పట్టుకుని చేసే పని కూడా తామసం కావచ్చు. ఆయన చూడమనేవి నాలుగు. అనుబంధం, అంటే ఆ పని వెనకాల ఏమేం వస్తాయి అనేది. క్షయం, అంటే ఎంత ఖర్చయిపోతుంది. హింస, ఎవరికి దెబ్బ తగులుతుంది. పౌరుషం, మోయగల శక్తి మనకి ఉందా. ఈ నాలుగూ పట్టించుకోకుండా భ్రమలో మొదలుపెట్టేది తామసం. నేను ఆ పేజీ మీద వేలు పెట్టి మా శిబిరాన్ని ఒక్కో మాట దగ్గరా నిలబెట్టి చూశాను. మొక్క వెనక కంచె వస్తుందని ఆలోచించలేదు. గొర్రెలు ఎటు పోతాయో అడగలేదు. మిగతా రెండింటికీ లెక్క వేస్తే సరిపోయేది. మొక్కకి ఒక తడికి పది లీటర్లు అనుకున్నా, నాలుగు వందల మొక్కలకి నాలుగు వేల లీటర్లు, అంటే దాదాపు ఒక ట్యాంకర్. వారానికి రెండు తడుల చొప్పున జనవరి నుంచి జూన్ తొలకరి దాకా ఇరవై వారాలు, నలభై ట్యాంకర్లు. ఇంజనీరింగ్ చదివే అరవై మందిమి ఉన్నాం అక్కడ. ఐదో తరగతి గుణకారం ఒక్కడూ చేయలేదు.

మరి రెండో అధ్యాయంలో ఫలం వదిలేయమని చెప్పి, పద్దెనిమిదికి వచ్చేసరికి తర్వాత ఏమవుతుందో చూడమంటే, మాట మార్చినట్టు కాదా? నాకు మొదట అలాగే అనిపించింది. కొన్ని నెలలు ఈ ముడి విప్పడానికే పట్టింది.

ఇప్పుడు నేను చూసేది ఇలా. ఫలం అంటే నాకు వచ్చేది. సర్టిఫికెట్, ఫొటో, రెజ్యూమెలో లైను, బొబ్బల గర్వం, "మంచి పని చేశాను" అనే ఆ వెచ్చదనం. వదులుకోమన్నది వీటిని. మొక్క బతకడం నా ఫలం కాదు, అది నేను మొదలుపెట్టిన పనిలో మిగతా భాగం. గుంత తవ్వడం ఎంత పనో ఏప్రిల్‌లో నీళ్లు అందడం అంత పని. పొట్ట కోసిన డాక్టర్ "ఆపరేషన్ వరకే నా అధికారం" అని కుట్లు వేయకుండా వెళ్లిపోతే అది నిష్కామ కర్మ అని ఎవరూ అనరు. మా ఆఫీసులో శుక్రవారం సాయంత్రం కోడ్ ప్రొడక్షన్‌లోకి తోసేసి, లాగ్స్ చూడకుండా ఫోన్ ఆపేసి, ఫలితం భగవదర్పణం అనేవాడు ఎవడైనా ఉంటే సోమవారం మా మేనేజర్ వాడికి వేరే గీత చెబుతాడు. కుట్లు సరిగ్గా వేశాక కూడా రోగి బతకకపోవచ్చు. నీళ్లు పోశాక కూడా చెట్టు పిడుగుపడి పోవచ్చు. వదిలేయమన్న మాట అక్కడ వర్తిస్తుంది, అక్కడ దానంత ఓదార్పు ఇంకోటి లేదు.

మా శిబిరంలో జరిగింది సరిగ్గా తలకిందులు. నా ఫలం అంతా నాకు వచ్చింది, ఒక్క పైసా తగ్గకుండా. నేను ఎంతో వైరాగ్యంతో వదిలేసింది మాత్రం మొక్కల్ని, తాత గొర్రెల్ని.

మన పెద్దవాళ్లకి ఈ తేడా తెలుసు. సప్త సంతానాలు అని విన్నారా? మనిషి పోయాక కూడా అతని పేరు నిలిపేవి ఏడు, వాటన్నిటినీ సంతానం అనే పిలిచారు. కన్న బిడ్డ ఒకటి, చెరువు తవ్వించడం ఒకటి, వనం పెంచడం ఒకటి, గుడి, కావ్యం ఇలా. వనాన్ని దానం అనో సేవ అనో అనకుండా సంతానం అన్నారు. బిడ్డని కని, ఏడో రోజు ఫొటో దిగి, ఎనిమిదో రోజు బస్సెక్కే తల్లి ఉండదు.

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువు ఉంది. 1369 నాటిది, విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. దాని మీద సంస్కృతంలో ఒక శాసనం వేయించాడు. అందులో నీటి దానం ఎంత పుణ్యమో ఉంది, అది అందరూ రాస్తారు. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే భాగం. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పాడు. నేల గట్టిగా ఉండాలి, తీయటి నీటి ఏరు ఉండాలి, దగ్గర్లో రాయి దొరకాలి, నీటి శాస్త్రం తెలిసినవాడు ఒకడు, పని తెలిసిన కూలీలు ఉండాలి. దోషాల్లో గట్టులోంచి నీరు ఊరడం, చవుడు నేల సరే, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం కూడా ఒకటి. ఎందుకు? అక్కడ నీళ్లతోపాటు తగాదా కూడా నిలుస్తుంది. అంటే ఈ నేల మీద ఇంకెవరికి హక్కు ఉందో చూడు అని ఒక రాజకుమారుడు 650 ఏళ్ల కిందటే రాయి మీద చెక్కించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని కూడా రాసుకున్నాడు. భక్తి ఉన్నవాడే, పుణ్యం కావాలన్నవాడే. కానీ పుణ్యం పక్కనే చెక్‌లిస్ట్ పెట్టుకున్నాడు. చెరువు ఇప్పటికీ ఉంది.

ఖమ్మం జిల్లా వనజీవి రామయ్యగారి గురించి మీకు తెలిసే ఉంటుంది, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. విత్తనాలు ఏరుకుని దాచుకునేవారు, సైకిల్ మీద మొక్కలు పెట్టుకుని తిరిగేవారు, తన చుట్టుపక్కల నేలలోనే నాటేవారు. ఉన్నచోటే ఉన్నారు. అది పెద్ద విషయం అని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు చాలామంది చెప్పారు. సేవ వల్ల లోకం బాగుపడదు, మనం బాగుపడతాం, అదే సేవ ప్రయోజనం అని. వివేకానందుడు తన కర్మయోగ ఉపన్యాసాల్లో ఈ లోకాన్ని మనం నైతికంగా బలపడటానికి ఉన్న వ్యాయామశాలతో పోలుస్తాడు. ఆయన చెప్పింది దాతకి ఉండే అహంకారాన్ని విరగ్గొట్టడానికి, నేను ఎవరినో ఉద్ధరిస్తున్నాను అనుకునేవాడికి. దాన్ని మా లాంటివాళ్లం ఇంకోలా పట్టుకుంటాం. ఊరు నా వ్యాయామశాల అయితే, వారం రోజులు కసరత్తు చేసి బలపడి వచ్చేశాను, సరే. ఫీజు ఎవరు కట్టారు? రెండు గొర్రెలు, ఒక పిల్ల.

ఇదంతా మొన్న సంక్రాంతికి మా బాబాయి కొడుక్కి చెప్పాను. వాడు ఇప్పుడు రెండో ఏడు, వాడి శిబిరం దగ్గరపడుతోంది, ఐదు వందల మొక్కలకి చందా అడిగాడు. అంతా విని ఒకే ఒక్క మాట అన్నాడు. "అన్నయ్యా, ఇంత ఆలోచిస్తే ఎవరూ ఏమీ చేయరు."

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాడు చెప్పిందాంట్లో నిజం ఉంది. ఆ శిబిరానికి వెళ్లకపోతే నాకు బంచరాయి అంటే ఏంటో ఈరోజుకీ తెలిసేది కాదు, తిరిగి వెళ్లి చూడటానికి ఒక ఊరే ఉండేది కాదు. ఆదివారాలు మాల్‌లో గడిపేవాడు చేసే హింస కూడా తక్కువేమీ కాదు, అది లెక్కకి రాదంతే. కాబట్టి వెళ్లొద్దని వాడికి చెప్పలేకపోయాను. చందా మాత్రం వెంటనే ఇవ్వలేదు. "నాటే చోట ఇప్పుడు ఎవరి పశువులు మేస్తున్నాయో కనుక్కో, తర్వాత ఫోన్ చెయ్" అన్నాను. వాడికి కోపం వచ్చింది. కొత్త బట్టల్లో ఉన్న పిల్లాడిని పండగ పూట నొప్పించానని పిన్ని కూడా రెండు మాటలంది.

పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు. వాళ్ల శిబిరం ఊళ్లో వార్డు మెంబరు ఒకావిడ ఇప్పుడు మొక్కలు వద్దే వద్దందట. పోయిన వానాకాలంలో బడి గోడ వెంట పెట్టిన వేప మొక్కలు నలభై ఉన్నాయి, వేసవి సెలవుల్లో వాటికి నీళ్లు పోసేవాళ్లు లేరు, చేతనైతే అది చూడండి అందట. ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండుసార్లు. శిబిరం గంటల్లోకి అది రాదని కాలేజీలో చెప్పారు. అరవై మందిలో తొమ్మిది మంది ఒప్పుకున్నారు, వంతులు వేసుకుంటున్నారు. "తొమ్మిది మందే అన్నయ్యా" అన్నాడు నీరసంగా. నలభై మొక్కలకి తొమ్మిది మంది చాలా ఎక్కువరా అన్నాను. పొడుగాటి నీళ్ల పైపు కొనడానికి డబ్బులు పంపాను.

నా బాకీ మాత్రం అలాగే ఉంది. ఐదు వందలతో తీరింది కాదు అది. ఆ రోజు పెళ్లికి ఆలస్యమవుతోందని, మేం సగంలో వదిలేసిన కాలువ వైపు వెళ్లి చూడను కూడా లేదు. మిగతా సగం ఊరివాళ్లు తీసుకున్నారో, సర్కారు తుమ్మ మళ్లీ మొత్తం కమ్మేసిందో తెలియదు. ఈ మే నెలలో, వానలకి ముందు, వెళ్లాలి. ముందు తాతని కలిసి, కాలువ సంగతి ఎవరిని అడగాలో కనుక్కోవాలి. తమ్ముడు వస్తానన్నాడు, వాడి వంతు లేని వారం చూసుకుని. ఈసారి గడ్డపారతో పని జరగదు, గొడ్డలి కావాలి. మందపాటి చేతి తొడుగులు కూడా.